కాగితం వరకేలే అక్కా

పుట్టిన దగ్గర్నుంచి ఆవిడది కేరాఫ్ బతుకే. కేరాఫ్ టైర్ల కొట్టు, కేరాఫ్ పిండిమర, కేరాఫ్ మేస్త్రీగారి పెరటి వాటా. తండ్రి లారీ ఆఫీసులో గుమస్తా. జీతం పెరిగేది కాదు గానీ అద్దె పెరిగేది. పెరిగినప్పుడల్లా పెట్టేబేడా సర్దుకుని ఇంకో సందులోకి మారేవాళ్ళు. స్కూల్లో కొత్త టీచరు "మీ ఇల్లెక్కడమ్మా?" అని అడిగితే ఈ పిల్ల లేచి నిలబడి, "ఇప్పటిదా అండీ, పోయిన నెలదా?" అందట. క్లాసంతా గొల్లుమంది. పిల్లలు ఆ రోజే మర్చిపోయారు. ఈవిడ మాత్రం మర్చిపోలేదు.

తండ్రి పోయేనాటికి ఈవిడ చదువు సగంలో ఉంది, తమ్ముడు ఇంకా పలక పట్టుకునే వయసు. తల్లిది ఎప్పుడూ ఆయాసపు ఒళ్ళు. ఇక చేసేదేముంది, ఈవిడే పెద్దాసుపత్రి గుడ్డల గదిలో పనికి చేరింది. మొదట్లో దుప్పట్లు మడతపెట్టడం, దిండు గలీబులు లెక్కచూడటం. బాయిలర్ సెగకి మొహం ఎప్పుడూ ఉడికినట్టుండేది, సోడా నీళ్ళకి వేళ్ళ చర్మం ఊడొచ్చేది. ఏళ్ళు గడిచి, ఆ గది తాళాలు ఆవిడ నడుముకే వేలాడేంత పెద్దరికం వచ్చింది. ఆసుపత్రిలో డాక్టర్ల దగ్గర్నుంచి స్వీపర్ల దాకా అందరికీ ఆవిడ దుప్పట్లక్క. సొంత పేరు జీతం చీటీ మీద తప్ప ఎక్కడా వినపడేది కాదు.

సంబంధాలు రాకపోలేదు. వచ్చిన ప్రతివాడూ "మరి తమ్ముడి చదువూ, మీ అమ్మగారి మందులూ?" అని అడిగి, జవాబు విని, కాఫీ తాగి వెళ్ళిపోయాడు. కాఫీలైతే చాలానే అయ్యాయి. తర్వాత్తర్వాత అవి కూడా ఆగిపోయాయి.

నలభై దాటాక ఆవిడ ఒక ఇల్లు కొనుక్కుంది. ఇల్లంటే మేడా మిద్దే కాదు. సందు చివర రెండు గదులు, వంటిల్లు, ముందు ఇనుప చువ్వల వరండా. పైన ఇంకొకాయన వాటా, రిటైరైన డ్రాయింగు మాస్టారు ఉండేవాడు. ఆవిడకి మాత్రం అదే కోట. గుమ్మం పక్కన నెంబరు రాయించడానికి బోర్డులు రాసేవాణ్ణి పిలిచి, వాడు రాస్తున్నంతసేపూ పక్కనే నిలబడింది. "ఎందుకమ్మా నిలబడటం, నేనేం మీ నెంబరు మార్చేస్తానా?" అన్నాడు వాడు నవ్వుతూ. తల్లి ఆ ఇంట్లో ఒక్క చలికాలం ఉండి, నిద్రలోనే పోయింది. "సొంత గోడలమధ్య పోయింది, అదృష్టవంతురాలు" అని ఈవిడ తనకి తనే చెప్పుకుంది.

ఇక తమ్ముడి సంగతి. మాటలు కోటలు దాటే రకం. చదువయ్యాక నీళ్ళ ఫిల్టర్లు అమ్మాడు, మంటలార్పే సిలిండర్లు అమ్మాడు, నడుంనొప్పి తగ్గించే పరుపులు అమ్మాడు. ఏదీ రెండేళ్ళు నిలబడలేదు. అయినా ఇస్త్రీ నలగకుండా తిరిగేవాడు. వాడు నవ్వితే అచ్చం తండ్రే. ఆవిడ బలహీనత అక్కడే ఉంది. వాడేదో అడగడానికి వచ్చాడని గుమ్మంలోనే తెలిసేది, వాడు నవ్వేసరికి తెలిసింది కాస్తా మర్చిపోయేది.

ఒక ఆదివారం పొద్దున భార్యనీ, సంచీడు పళ్ళనీ వెంటబెట్టుకుని దిగాడు.

"అక్కా, ఈసారి చిల్లర వ్యాపారం కాదు. కంపెనీ. ప్రైవేట్ లిమిటెడ్!" అన్నాడు కుర్చీ లాక్కుంటూ.

"ఏం కంపెనీరా?"

"చెవి మిషన్లు. వినపడని వాళ్ళకి. ఊళ్ళు తిరిగి చెవి పరీక్ష ఉచితంగా చేస్తాం, అవసరమైనవాళ్ళకి మిషను పెడతాం. పెద్ద కంపెనీలవాళ్ళు చెప్పే ధరకి ముసలాళ్ళ గుండె ఆగిపోతోంది. మనది అందులో నాలుగో వంతు. పుణ్యం, పురుషార్థం రెండూనూ."

మరదలు అందుకుంది. "వదినా, రాత్రీపగలూ ఇదే ధ్యాస అనుకోండి. మీ తమ్ముడు ఈసారి నిలబడతారు."

"నిలబడితే అంతకన్నా ఏం కావాలమ్మా. మరి నాతో ఏం పని?"

తమ్ముడు కుర్చీ కాస్త ముందుకి జరిపాడు. "కంపెనీ అన్నాక ప్రభుత్వం వారికి ఒక చిరునామా ఇవ్వాలక్కా. నాది అద్దె ఇల్లు. ఇంటివాడు సంతకం పెట్టనంటున్నాడు, వాడి బుద్ధి తెలుసుగా. నీదంటే సొంతం. నువ్వు అభ్యంతరం లేదని ఒక్క సంతకం పెట్టి, కరెంటు బిల్లు కాపీ ఒకటి ఇస్తే చాలు."

"ఇక్కడ ఆఫీసు పెడతావా ఏంటి?"

"అబ్బే! కాగితం వరకేలే అక్కా. ఆఫీసు వేరే చోట తీసుకుంటాను. నీ గడప తొక్కేవాడు ఉండడు. ఎప్పుడైనా ప్రభుత్వం ఉత్తరం వస్తే పక్కన పెట్టు, నేనొచ్చి పట్టుకెళ్తాను."

ఆవిడ వెంటనే ఒప్పుకోలేదు. టీ పెట్టే వంకతో వంటింట్లోకి వెళ్ళి కాసేపు ఆలోచించింది. నిజం చెప్పుకోవాలంటే లోపల ఎక్కడో పొంగింది కూడా. ఒకప్పుడు చిరునామా చెప్పలేక క్లాసులో నవ్వులపాలైన మనిషి ఇంటి నెంబరు మీద ఇవాళ ఒక కంపెనీ నిలబడుతుందంటే ఎవరికుండదు? తమ్ముడికి ఆ పొంగు కూడా లెక్కలో ఉందని ఆవిడకి అప్పుడు తోచలేదు. టీ కప్పులు బల్ల మీద పెట్టి, చీర కొంగుకి చెయ్యి తుడుచుకుని, వాడు చూపించినచోట సంతకం పెట్టింది.

నెల తిరక్కుండా బోర్డు వచ్చింది. నీలం రంగు రేకు మీద తెల్ల అక్షరాలు, పక్కన ఒక చెవి బొమ్మ. "బోర్డు ఎందుకురా, కాగితం వరకే అన్నావుగా?" అంటే, "రూలక్కా, పేరు కనపడాలిట. ఎవడో వచ్చి ఫోటో తీసుకుని పోతాడు, అంతే" అన్నాడు. ఇనుప చువ్వలకి తీగతో కట్టించాడు. ఆవిడ ఇంటి నెంబరు ఆ బోర్డు వెనక్కి పోయింది. ఫోటో తీసేవాడు వచ్చాడు, తీసుకున్నాడు, మంచినీళ్ళు అడిగి తాగి పోయాడు. ఆసుపత్రిలో పనివాళ్ళతో "మా తమ్ముడి కంపెనీ మా ఇంట్లోనే రిజిస్టరయింది" అని ఆవిడే చెప్పుకుంది. దుమ్ము పడితే తడిగుడ్డతో ఆ బోర్డు తుడిచింది కూడా.

మొదటి మనిషి వాన వెలిసిన ఒక సాయంత్రం వచ్చాడు. పొలం పనివాడు, మోకాళ్ళ దాకా బురద. రెండు బస్సులు మారి వచ్చానన్నాడు. జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీసి, అందులోంచి ఒక కార్డు తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. గ్యారంటీ కార్డు. లోపం ఏదైనా ఉంటే ఈ కింది చిరునామాలో కలవండి అని ఉంది. ఆ కింద ఉన్నది ఆవిడ ఇల్లు.

"ఇక్కడ ఎవరూ చెయ్యరండీ, ఇది ఇల్లు" అంది.

"ఆ?" అన్నాడు చెవి ముందుకి పెట్టి.

"ఇది ఇల్లండీ! ఆఫీసు కాదు!"

"ఆఫీసేగా. బోర్డు చూసే వచ్చాను. ఒకటే ఈల వేస్తోందమ్మా, కుక్కర్ లాగ."

ఆవిడ మళ్ళీ అరిచింది. పైన మాస్టారు కిటికీలోంచి తొంగి చూశాడు. ఎదురింటావిడ గేటు దగ్గరికి వచ్చింది. చివరికి ఆ మనిషికి ఒక్క ముక్క అర్థమైంది, ఈవిడ చెయ్యనంటోందని. "అమ్మేటప్పుడు అమ్మా నాన్నా అంటారు, తర్వాత మొహం చూడరు" అని గట్టిగా అనేసి, పేరుకున్న బురద గుమ్మంలో వదిలి వెళ్ళిపోయాడు. వినపడని మనిషి మెల్లగా అనడం ఎలాగో మర్చిపోతాడు. సందంతా వింది.

ఆవిడ వెంటనే ఫోను చేసింది.

"సారీ అక్కా, సారీ. ప్రింటింగువాడు తప్పు చేశాడు. ఆఫీసు చిరునామా వెయ్యమంటే రిజిస్టర్ చిరునామా వేశాడు. తర్వాతి కార్డుల్లో మార్పిస్తాను. ఈలోగా ఎవరైనా వస్తే సోమవారం రమ్మను, నేను మనిషిని పంపిస్తాను" అన్నాడు.

సోమవారం ఎవరూ రాలేదు. అంటే తమ్ముడి మనిషి రాలేదు, మిషన్లవాళ్ళు వచ్చారు. ఆ తర్వాతి సోమవారమూ అంతే. క్యాంపులు జోరుగా సాగుతున్నట్టున్నాయి, ఊరూరి నుంచీ మనుషులు. ఒకరికి ఈల, ఒకరికి గరగర, ఒకరికి అసలు చప్పుడే లేదు. ఒక ముసలావిడ చెవిలో మిషను ఇరుక్కుని వాచిపోయి వచ్చింది. ఒక తల్లి చంటిబిడ్డని చంకనేసుకుని వచ్చి, "దీనికి బల్ల మీద కొట్టినా ఉలుకు లేదక్కా, మీ వాళ్ళేమో వినపడుతోందన్నారు" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. గుడ్డల గదిలో పొద్దంతా నిలబడి, వాచిన కాళ్ళతో ఇంటికి వచ్చేసరికి వరండాలో ఎవరో ఒకరు చెప్పులు విడిచి కూర్చుని ఉండేవారు.

ఆవిడ ఏం చేస్తుంది? "సోమవారం రండి" అనేది. మొదట్లో నమ్మి అనేది. తర్వాత నమ్మకుండా అనేది. ఆ తేడా ఎక్కడ జరిగిందో ఆవిడకే తెలియదు. గుడ్డల గదిలో ఒక చిరిగిన దుప్పటి వార్డుకి పంపితే నాలుగు రోజులు నిద్ర పట్టని మనిషి, ఇంటికొచ్చి గుమ్మంలో నిలబడి, కంఠం చించుకుని అబద్ధం చెప్పేది. అబద్ధం మెల్లగా చెప్పుకునే అదృష్టం కూడా లేదు, అరిచి చెప్పాలి, వీధంతా వినేలా చెప్పాలి.

సందులో వాళ్ళు మొదట జాలిపడ్డారు, తర్వాత విసుక్కున్నారు. "ఇళ్ళ మధ్య వ్యాపారం ఏంటండీ?" అంది ఎదురింటావిడ. దుప్పట్లక్క కాస్తా సందులో చెవి మిషన్లావిడ అయిపోయింది.

అలా వచ్చినవాళ్ళలో ఒక వడ్రంగి ఉన్నాడు. డెబ్భై దాటిన మనిషి, సన్నటి చేతులు, చెవి మీద పెన్సిలు. ఆయన అరవలేదు, శాపనార్థాలు పెట్టలేదు. వరండాలో కూర్చుని ఈవిడ మాట పెదాల మీద చదివేవాడు.

"నాకు మనవళ్ళ ముద్దుమాటలు వినాలని ఆశ లేదు తల్లీ" అన్నాడు ఒకసారి. "పనికి పోయే రోడ్డు మీద వెనకాల వచ్చేది వినపడితే చాలు. ఈ మిషను కుడి పక్క ఒక్కోసారి పలుకుతుంది, ఒక్కోసారి పడుకుంటుంది. ఎప్పుడు పడుకుందో నాకే తెలియదు."

రెండోసారి వచ్చినప్పుడు వరండా తలుపు నేలకి రాసుకోవడం చూసి, అడక్కుండానే సంచీలోంచి ఉలి తీసి కింద అంచు చెక్కేశాడు. డబ్బులిస్తే తీసుకోలేదు. మూడోసారి వచ్చినప్పుడు మాత్రం ఆవిడకి సిగ్గేసింది. సోమవారం అనే మాట నోటి దాకా వచ్చి ఆగిపోయింది.

"మిషను నాకిచ్చి వెళ్ళు బాబాయ్. నేనే దగ్గరుండి చేయిస్తాను" అంది.

ఆయన చెవిలోంచి మిషను తీశాడు. పారేసుకుంటానని దానికి నీలం దారం కట్టుకున్నాడు. ఆ దారంతో సహా ఆవిడ అరచేతిలో పెట్టి, నమస్కారం చేసి పోయాడు.

ఆవిడ సెలవు పెట్టి మరీ తమ్ముడింటికి వెళ్ళి ఇచ్చింది. "ఇది మాత్రం నా మాట మీద, ఆలస్యం చెయ్యకు" అంది. "నా తల్లివి కదూ, రెండు రోజుల్లో పంపిస్తాను" అన్నాడు. రెండు రోజులు పోయాయి, రెండు వారాలు పోయాయి. ఫోను చేస్తే "టెక్నీషియన్ దగ్గరుంది" అనేవాడు. కొన్నాళ్ళకి ఫోను ఎత్తడం మానేశాడు. వడ్రంగి రాలేదు. ఆవిడ లోలోపల ఊపిరి పీల్చుకుంది, అడిగేవాడు రాలేదు కదా అని.

ఆయన బదులు ఆయన భార్య వచ్చింది. పొట్టి మనిషి, ఏడ్చి ఏడ్చి ఆరిపోయిన మొహం. వరండా మెట్టు మీదే కూర్చుంది, లోపలికి రమ్మంటే రాలేదు.

"మా ఆయన మిషను మీ దగ్గరుందంట కదమ్మా. ఇచ్చెయ్యి, పట్టుకుపోతాను."

"ఆయన రాలేదేం?"

"ఆయన లేడమ్మా. ఇసక లారీ వెనక్కొస్తుంటే చూసుకోలేదు. కుర్రాళ్ళు అరిచారంట. ఎవరి అరుపు ఎవరికి వినపడాలి?"

మిషను ఉండుంటే ఏమయ్యేదో ఎవరు చెప్పగలరు? అది పలికే రోజైతే పలికేది, పడుకునే రోజైతే పడుకునేది. కానీ దాన్ని ఆయన చెవిలోంచి తీయించుకున్నది తను. ఆ ఒక్క ముక్కా ఎంత తోసినా పక్కకి జరగలేదు.

"అది ఇప్పుడు ఎందుకులే అని కొడుకు అన్నాడు. నేనే వచ్చాను. ఆయన ఒంటి మీద వస్తువు, పరాయి చోట ఎందుకుండాలి?" అంది ముసలావిడ.

"రేపటికల్లా తెచ్చిస్తానమ్మా" అంది ఈవిడ. జీవితంలో అంత నిజంగా ఏ మాటా అనలేదు.

తమ్ముడి ఆఫీసు ఎక్కడో అప్పటిదాకా ఆవిడ చూడలేదు. మరదల్ని నిలదీసి కనుక్కుని వెళ్ళింది. అద్దాల తలుపు, చల్లటి గాలి, గాజు బల్ల వెనక ఒక అమ్మాయి. గోడ మీద పేరు చూస్తే చెవి మిషన్ల కంపెనీ కాదు, ఇంకేదో. కళ్ళజోళ్ళ బొమ్మ ఉంది.

తమ్ముడు లేచి వచ్చాడు, అదే నవ్వుతో. "అక్కా! నేనే పిలుద్దామనుకుంటున్నా. కొత్త కంపెనీ. చెవుల్లో గొడవలెక్కువ, కళ్ళయితే ఏ గొడవా ఉండదు."

"వడ్రంగి మిషను ఏదిరా?"

వాడికి గుర్తు రావడానికి కాసేపు పట్టింది. అమ్మాయికి సైగ చేస్తే లోపల్నుంచి ఒక అట్టపెట్టె వచ్చింది. నిండా మిషన్లు. ఎవరివి ఏవో ఒక చీటీ లేదు, గుర్తు లేదు, చిక్కుపడిన వైర్లతో ఉల్లిపొట్టు కుప్పలా ఉన్నాయి. ఎంతమంది చెవుల్లోంచి తీసినవో. ఒక్కటీ బాగు చేసిన పాపాన పోలేదు. ఆవిడ నేల మీద చతికిలబడి ఒక్కొక్కటే తీసి చూసింది. నీలం దారం ఉన్నది లేదు. మళ్ళీ మొదట్నుంచి చూసింది.

తమ్ముడు పక్కనే నిలబడి గడియారం చూసుకుంటున్నాడు. "ఎందుకక్కా అంత కష్టం? అన్నీ ఒకటేగా. ఏదో ఒకటి పట్టుకెళ్ళి ఇచ్చెయ్. ముసలిదానికేం తెలుస్తుంది?"

ఆవిడ తలెత్తి చూసింది. తండ్రి నవ్వు వాడి మొహం మీద అలాగే ఉంది. ఆ మొహానికీ ఆ మాటకీ పొంతన ఎలా కుదిరిందో ఆవిడకి అంతుపట్టలేదు.

"మనిషి చచ్చిపోయాడురా."

"అయ్యో పాపం. దానికి నువ్వేం చేస్తావ్, నేనేం చేస్తాను? లారీవాడు చూసుకోవాలి."

"ఆ బోర్డు నా ఇంటి మీద నుంచి తీసెయ్. నా చిరునామా కూడా తీయించు. ఇవాళే."

"అది ఇప్పుడు కుదరదక్కా" అన్నాడు చిన్నపిల్లకి చెప్పినట్టు. "మార్చాలంటే ఇంకో చిరునామా చూపించాలి. ఇది చూపిస్తే ఆ గొడవలన్నీ ఇక్కడికొస్తాయి. పాత కంపెనీ ఎలాగూ చచ్చిన పామే, అక్కడ అలా పడుండనీ. నాలుగు రోజులకి జనం వాళ్ళే మానేస్తారు."

"నా ప్రశాంతత సంగతేంట్రా?"

"ఒంటిదానివి. పిల్లా, జెల్లా? నీకు అంత ప్రశాంతత ఎందుకక్కా, ఏం చేసుకుంటావ్?"

గాజు బల్ల వెనక అమ్మాయి తల దించుకుంది. వాడు మాత్రం దించుకోలేదు. ఆవిడ మోకాళ్ళ మీద చేతులాన్చి మెల్లగా లేచింది, బయటికొచ్చింది. బస్సులో కూర్చున్నాక గానీ వాడి చదువుకి తను మడతపెట్టిన దుప్పట్లు గుర్తు రాలేదు. గుర్తొచ్చాక ఇక దిగేదాకా వదల్లేదు.

ముసలావిడ మర్నాడు వచ్చింది. పెట్టెలోంచి ఏదో ఒకటి తెచ్చి, దారం కట్టి ఇచ్చే వీలు ఆవిడకి ఉండింది. ఇవ్వలేదు. "పోయిందమ్మా. వెతికాను, దొరకలేదు" అంది.

ముసలావిడ చాలాసేపు బోర్డు వంక చూసింది. "అంత పెద్ద బోర్డు కట్టుకున్నావు కదమ్మా ఇంటికి" అంది. తిట్టి ఉంటే బాగుండేది. కర్ర పట్టుకుని లేచి, ఇక వెనక్కి చూడకుండా సందు దాటిపోయింది.

ఆ తర్వాత ఆవిడ కంపెనీలు రిజిస్టరు చేసే ఆఫీసుకి తిరిగింది. ఒక బల్ల నుంచి ఇంకో బల్లకి. చివరి బల్ల మీద గుమస్తా మంచివాడే, ఓపిగ్గా విన్నాడు. "మీరు అభ్యంతరం లేదని సంతకం పెట్టారమ్మా" అన్నాడు.

"ఇప్పుడు అభ్యంతరం ఉంది కదా బాబూ."

"ఉంటే డైరెక్టరు గారు దరఖాస్తు పెట్టుకోవాలి. మీరెవరు ఈ కంపెనీలో?"

"నేనెవర్నీ కాదు."

"అదేనమ్మా ఇబ్బంది."

"ఇల్లు నాది కదా?"

"ఇల్లు మీదే. చిరునామా కంపెనీది." ఫిర్యాదు రాసివ్వమన్నాడు. రాసిచ్చింది. దాని మీద స్టాంపు కొట్టి ఒక కాపీ చేతికిచ్చాడు. ఆ ఫిర్యాదుకి జవాబు ఇప్పటికీ రాలేదు. వచ్చినా కంపెనీ పేరు మీదే వస్తుందేమో.

చుట్టాలకి సంగతి తెలిసింది. తెలిశాక ఒక్కొక్కరే ఫోను చేశారు. ఎవరూ తమ్ముణ్ణి ఒక్క మాట అనలేదు. "తోడబుట్టినవాడికి ఆ మాత్రం సాయం చెయ్యకపోతే ఎలా? రేపు నీకు వాడు తప్ప ఎవరున్నారు?" అంది పిన్ని. "ఆఫీసుకెళ్ళి ఆయన పరువు తీసింది" అని మరదలు అందరికీ చెప్పింది. తమ్ముడి కూతురు మాత్రం ఒకసారి ఎవరికీ చెప్పకుండా ఫోను చేసి, "అత్తా, బాగున్నావా?" అని అడిగింది. ఈవిడ "బాగున్నానమ్మా" అంది. అక్కడికి మాట అయిపోయింది.

ఒక సెలవు రోజు ఆవిడే కటింగ్ ప్లయర్ తెచ్చుకుని తీగలు తెంపి బోర్డు దించేసింది. పాత ఇనుము కొనేవాడికి వేసేసింది. అయినా మనుషులు రావడం ఆగలేదు. బోర్డు లేకపోతేనేం, కార్డులున్నాయిగా. ఊళ్ళల్లో ఎన్ని జేబుల్లో, ఎన్ని దిళ్ళ కింద ఆవిడ ఇంటి నెంబరు పదిలంగా ఉందో. ఒకాయన కోపం పట్టలేక వరండా కిటికీ అద్దం పగలగొట్టాడు. ఇంకొకావిడ కాళ్ళు పట్టుకుంది. అద్దం పగలగొట్టినాయనే నయమనిపించింది.

అప్పుడు ఆవిడ చేసిన పని చెప్తే నవ్వొస్తుంది. ముందు తలుపుకి బయట పెద్ద తాళం వేసేసింది. కిటికీలకి పాత దుప్పట్లు అడ్డం కట్టింది. పని నుంచి వచ్చేటప్పుడు సందులోంచి రాకుండా, వెనక మురిక్కాలవ పక్కనున్న ఇరుకు దారిలో చీర ఎత్తి పట్టుకుని, నాపరాళ్ళ మీద అడుగులేసుకుంటూ వంటింటి తలుపులోంచి దూరేది. లోపల రేడియో చిన్నగా పెట్టుకునేది. వచ్చినవాళ్ళకి ఎలాగూ వినపడదు కదా, ఎందుకు చిన్నగా అని ఒక్కోసారి తనే అనుకునేది. కానీ అలవాటైపోయింది. పైన డ్రాయింగు మాస్టారుతో ముందే చెప్పుకుంది, ఎవరు అడిగినా ఖాళీ చేశారని చెప్పమని. ఆయన మంచి మనిషి. మేడ మెట్ల మీదకొచ్చి, చేతులు అడ్డంగా ఊపి, "ఎవరూ లేరు! వెళ్ళిపోయారు!" అని బొమ్మ గీసినంత శ్రద్ధగా చూపించేవాడు.

ఏడాది పైన గడిచాక తమ్ముడు వచ్చాడు. మధ్యాహ్నం పూట, ఒక్కడే. ఆ రోజు ఆవిడకి జ్వరం, పనికి పోలేదు. బియ్యంలో రాళ్ళు ఏరుకుంటూ వంటింట్లో కూర్చుంది. కళ్ళజోళ్ళ ఆఫీసు ఖాళీ చేయించారని అంతకు ముందే పిన్ని ద్వారా చెవిన పడింది. మళ్ళీ ఏ వ్యాపారం బోర్డుకి ఈ గోడ కావాలో.

"అక్కా!" అని పిలిచాడు ముందు. తాళం చూసి, కిటికీ కొట్టాడు. "అక్కా, నేనే!"

ఆవిడ చేతిలో రాయి చేతిలోనే ఉండిపోయింది. వాడి గొంతు కాస్త బొంగురుపోయింది. సన్నబడ్డాడేమో. లేచి వెళ్ళి దుప్పటి పక్కకి జరిపితే మొహం కనపడుతుంది. కనపడితే నవ్వుతాడు.

మేడ మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. మాస్టారు వాణ్ణి గుర్తుపట్టాడో, పట్టనట్టు ఊరుకున్నాడో గానీ, "ఎవరూ లేరండీ, ఎప్పుడో వెళ్ళిపోయారు" అన్నాడు.

"ఎక్కడికండీ? అడ్రసేమైనా ఇచ్చారా?"

"ఇవ్వలేదు."

తమ్ముడి బూటు గులకరాయిని అటూ ఇటూ తన్నుతున్న చప్పుడు వంటింటి దాకా వినిపించింది. తర్వాత అదీ ఆగిపోయింది.

గెలిచినట్టేమీ అనిపించలేదు ఆవిడకి. బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టింది. ఒక మనిషికి సరిపడా ఎసరు.

ఈ మధ్య ఆసుపత్రిలో రిటైర్మెంటు కాగితాలు నింపారు. పింఛను ఉత్తరాలు ఏ చిరునామాకి పంపాలని కొత్తగా వచ్చిన గుమస్తా అమ్మాయి అడిగింది.

"ఆసుపత్రికే పంపండమ్మా. కేరాఫ్ గుడ్డల గది. నేనొచ్చి పట్టుకెళ్తాను."

"అదేంటక్కా, మీకు సొంతిల్లుందని చెప్పారు కదా అందరూ?"

"ఉందమ్మా" అంది ఆవిడ, తాళాల గుత్తి నడుం మీంచి తీసి బల్ల మీద పెడుతూ. "ఉంది. అక్కడ ఎవరూ ఉండటం లేదు."